ప్లాట్‌ఫాం వ్యాపారంపై కేస్ స్టడీ చేయడం ఎలా: రెడ్‌బస్ ఉదాహరణగా

డిజిటల్ వ్యాపార నమూనాలపై ఎంబీఏ ప్రాజెక్టు గానీ పిహెచ్‌డి గానీ మొదలుపెట్టే విద్యార్థులు గైడ్ ముందు పెట్టే మొదటి శీర్షిక చాలాసార్లు "భారతదేశంలో డిజిటల్ ప్లాట్‌ఫాంల ప్రభావం" అన్న తరహాలో ఉంటుంది. అది అంశమే గాని ప్రశ్న కాదు. ఎన్నేళ్లు శ్రమించినా దానికి జవాబు తేలదు. ఒక సంస్థను, అందులో ఒక మార్పును పట్టుకున్నప్పుడే పని ముందుకు సాగుతుంది. బస్సు యజమానులను, ప్రయాణికులను ఆన్‌లైన్‌లో కలిపి టికెట్లు అమ్మే ప్లాట్‌ఫాం రెడ్‌బస్ తెలుగు విద్యార్థికి చేరువలో ఉన్న మంచి ఉదాహరణ కాబట్టి, పద్ధతిని దాని మీదుగానే వివరిస్తాను.

ఈ సంస్థను 2006లో బెంగళూరులో ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు ప్రారంభించారు. 2005 దీపావళికి ఇంటికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరకకపోవడంతో ఫణీంద్రకు ఈ ఆలోచన వచ్చిందన్న కథ అందరికీ తెలిసినదే. దానితో అధ్యాయం మొదలుపెట్టవచ్చు గాని, దాన్నే కారణంగా తీసుకోకూడదు, ఎందుకంటే పండగకు టికెట్ దొరకనివారు అంతకుముందూ ఎందరో ఉన్నారు. ఎక్కడో సీటు మిగిలి ఉన్నా అది అడిగినవాడికి ఎందుకు కనబడలేదన్నదే మీరు వేసుకోవలసిన ప్రశ్న. అప్పట్లో ప్రైవేటు ట్రావెల్స్ వారు సీట్లను ఏజెంట్లకు కోటాలుగా పంచేవారు. ఒక ఏజెంటు దగ్గర అయిపోయిన సీటు మరొకరి కోటాలో మిగిలి ఉన్నా, ఫోన్లు చేసి వాకబు చేస్తే తప్ప ఆ సంగతి తెలిసేది కాదు. రెడ్‌బస్ ప్రయాణికులకు వెబ్‌సైటు ఇవ్వడంతో ఆగకుండా, ఆపరేటర్లు సీట్ల లెక్కను నడుపుకొనే సాఫ్ట్‌వేర్‌ను, ఏజెంట్లు టికెట్లు అమ్ముకొనే వ్యవస్థను కూడా తయారుచేసింది. నా దృష్టిలో అసలు నవకల్పన అక్కడే ఉంది. ప్రయాణికుడికి కనిపించే యాప్‌ను మాత్రమే వర్ణించే కేస్ స్టడీ సగం కూడా చెప్పనట్టే.

సిద్ధాంతం ఒక్కటి ఎంచుకుంటే చాలు. ఆర్థికవేత్తలు జాన్-షార్ల్ రోషే, జాన్ టిరోల్ 2003లో ప్రచురించిన వ్యాసం ఇక్కడ బాగా పనికివస్తుంది. టిరోల్‌కు 2014లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. రెండు పక్షాలను కలిపే సంస్థకు మొత్తం ధర ఎంతన్నది ఒక్కటే కాక, ఆ ధరను ఏ పక్షం మీద ఎంత మోపుతుందన్నది కూడా ముఖ్యమని వారి వాదన. దీన్ని మీ కేసులోకి దించితే మూడు కొలతలు దొరుకుతాయి: ఆపరేటరు చెల్లించే కమీషన్, ప్రయాణికుడికి ఇచ్చే తగ్గింపు, ఒకే ఆపరేటరు ఎన్ని చోట్ల సీట్లు పెడుతున్నాడన్నది. మూడో కొలతను చాలామంది వదిలేస్తారు. హైదరాబాదుకు చెందిన మరో బస్సు టికెట్ల ప్లాట్‌ఫాం అభిబస్, ఆర్టీసీల సొంత రిజర్వేషన్ వెబ్‌సైట్లు ఉన్న చోట దాన్ని వదిలితే పోటీ గురించి ఏమీ చెప్పలేరు.

ఆధారాల కోసం సంస్థ పంపే పత్రికా ప్రకటనల మీద ఆధారపడవద్దు. రెడ్‌బస్‌ను 2013లో ఐబిబో గ్రూపు కొన్నది. 2017లో ఐబిబో, ప్రయాణ టికెట్లు అమ్మే మేక్‌మైట్రిప్‌లో కలిసింది. మేక్‌మైట్రిప్ అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్‌డాక్‌లో నమోదైన సంస్థ కావడంతో అమెరికా నియంత్రణ సంస్థకు సమర్పించే వార్షిక నివేదికల్లో బస్సు టికెట్ల విభాగం లెక్కలు విడిగా ఉంటాయి, వాటిని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. అభిబస్‌ను 2021లో కొన్న ప్రయాణ బుకింగ్ సంస్థ ఇక్సిగో 2024లో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది కాబట్టి, షేర్లు అమ్మేముందు అది ఇచ్చిన వివరాల పత్రం (ప్రాస్పెక్టస్) కూడా దొరుకుతుంది. వెబ్‌సైటు పాత రూపాలను, పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడవచ్చు గాని, అక్కడ నిలిచేవి ఎక్కువగా ముఖపుటలే. పాత ఛార్జీలు దొరుకుతాయని ఆశపడవద్దు.

ఇంటర్వ్యూల దగ్గరే పరిశోధన తేలిపోతుంది. హైదరాబాదు లక్డీకాపూల్‌లోని ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి "మీరు మల్టీ హోమింగ్ (ఒకేసారి పలు ప్లాట్‌ఫాంలలో అమ్మడం) చేస్తారా" అని అడిగితే జవాబు రాదు. "మీ సీట్లు ఎక్కడెక్కడ పెడతారండీ? ఒకచోట తీసేస్తే ఏమవుతుంది?" అని అడగాలి. కమీషన్ శాతం మొదటే అడిగితే మాట ఆగిపోతుంది. పోయిన సంక్రాంతికి ఒక బస్సు, ఆషాఢంలో ఒక మంగళవారం అదే బస్సు తీసుకుని, ఏ సీటు ఎక్కడ అమ్ముడుపోయిందో చెప్పమనండి. శాతం దానంతట అదే బయటకు వస్తుంది. రెండు బస్సులున్నవారిని, వంద బస్సులున్నవారిని, ప్లాట్‌ఫాం వదిలి వెళ్లినవారిని, వృత్తి మానేసిన పాత ఏజెంట్లను కూడా కలవాలి. వ్యాపారంలో నిలదొక్కుకున్నవారితోనే మాట్లాడితే ప్లాట్‌ఫాం అందరికీ మేలు చేసినట్టే కనిపిస్తుంది.

కార్యకారణ సంబంధం చూపాలనుకుంటే బయటి నుంచి వచ్చిన మార్పు ఒకటి కావాలి. 2022 జనవరి 1 నుంచి బస్సు ప్రయాణాన్ని ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం ద్వారా అమ్మితే జీఎస్టీ చెల్లించే బాధ్యత ప్లాట్‌ఫాందే అయింది. నాన్ ఏసీ బస్సు టికెట్‌కు కౌంటరులో పన్ను లేకపోగా, అదే సీటును ప్లాట్‌ఫాంపై కొంటే 5 శాతం పడింది. అదే సీటు రెండు దారుల్లో రెండు ధరలకు దొరికే ఇలాంటి అవకాశం అరుదు. అయితే అదే నెలలో ఒమిక్రాన్ ఉధృతంగా ఉంది, ప్రయాణాలే తగ్గాయి. అందువల్ల నాన్ ఏసీ అమ్మకాలు ఎంత పడ్డాయని మాత్రమే చూడకుండా, అదే మార్గంలో అంతకుముందు నుంచే పన్ను ఉన్న ఏసీ బస్సుల్లో కౌంటరు, ప్లాట్‌ఫాం వాటాలు ఎలా మారాయో పక్కన పెట్టి పోల్చాలి. ఆపరేటరు పన్నును తన జేబులోంచి భరించి టికెట్ ధరను మార్చకుండా ఉంచాడేమో కూడా అడిగి తెలుసుకోవాలి. ఆ సంగతి ఏ నివేదికలోనూ ఉండదు, ఆఫీసు చిట్టా పుస్తకంలోనే ఉంటుంది.