మన్యం నుంచి కాన్పుకు విశాఖ తీసుకొస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వానలు మొదలైతే ఘాట్ రోడ్డును నమ్మలేం. అందుకే నెలలు నిండినవాళ్లను ముందే విశాఖలోని సర్కారు ఆసుపత్రులు కేజీహెచ్‌కో, ఘోషాసుపత్రికో తెస్తుంటారు. కువి, ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు అంతగా రాని తల్లుల వెంట వచ్చేవాళ్ల కోసం ఇది.

• ఆమె భాష, తెలుగు రెండూ వచ్చిన ఆడమనిషి తోడుండాలి. భర్తకు తెలుగు వచ్చు కదా అనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం. సర్కారు లేబర్ రూములోకి మామూలుగా మగవాళ్లను రానివ్వరు. లోపల ఆమె చెప్పేది సిస్టర్‌కు అర్థం కాదు, బయట ఆయనకు వినపడదు.

• తలనొప్పి, కళ్లు మసకలు, రక్తం పోవడం, బిడ్డ కదలకపోవడం. ఈ మాటలు రెండు భాషల్లో ఫోన్లో రికార్డు చేసుకోండి. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ముందు చాలామందిలో మొదటి రెండే కనిపిస్తాయి. కాగితం మీద రాసిస్తే చదివేదెవరు?

• ఒప్పుకోలు కాగితాల మీద వేలిముద్ర. సిజేరియన్, కాన్పవగానే వేసే కాపర్ టీ (కొన్నేళ్లు గర్భం రాకుండా లోపల పెట్టేది), ట్యూబెక్టమీ (ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) మూడూ వేర్వేరు. నొప్పులు రాకముందే ఆమె భాషలో విడివిడిగా చెప్పించండి. నొప్పుల్లో ఇంకు ప్యాడ్ ముందుకు జరిపితే ఎవరైనా వేలు పెట్టేస్తారు.

• “అర్థమైందా?” అని అడగొద్దు. ఊఁ అంటారు, అది మర్యాదకే. “మాత్ర ఎప్పుడు వేసుకుంటావమ్మా?” అని ఆమెతోనే చెప్పించండి.

• కేస్‌షీట్ మీద భాష పేరు రాయించండి. ఉత్త “ట్రైబల్” అని ఉంటే నైట్ డ్యూటీవాళ్లకు ఏం తెలుస్తుంది?

• ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసేది), సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) రిపోర్టు సంచిలో పైనే పెట్టండి. తిరుగు ప్రయాణానికి తల్లీబిడ్డను ఇంటికి చేర్చే సర్కారు 102 బండి ఉంది.