స్టోన్ కర్ల్యూను బెదరగొట్టకుండా చూడడం ఎలా?

స్టోన్ కర్ల్యూ తీరపక్షుల వర్గానికి చెందినదే అయినా, దానిని చూడదలచినవారు చెరువు గట్టుకు వెళ్లనవసరం లేదు. స్టోన్ కర్ల్యూలకే థిక్‌నీ అని మరో పేరు. వాటిలో మన మెట్ట ప్రాంతాల్లో ఉండే ఇండియన్ థిక్‌నీ రాళ్లు తేలిన బీళ్లలో, ఎండిన వాగుల్లో, తుమ్మ పొదల నీడన, మామిడి తోటల్లో బతుకుతుంది. నదుల ఇసుక తిన్నెల మీద కనిపించేది గ్రేట్ థిక్‌నీ. లావుగా ఉండి కాస్త పైకి వంగిన ముక్కును బట్టి దానిని వేరు చేయవచ్చు.

ఇండియన్ థిక్‌నీ పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. మట్టిరంగు ఒంటి మీద ముదురు చారలుండి, పగలంతా పొద నీడన కదలకుండా నిలబడే ఈ పక్షి నేలలో కలిసిపోతుంది కనుక, పక్షి ఆకారం కోసం కాక పెద్ద పసుపు కన్ను కోసం వెతకాలి. దూరాన నిలబడి బైనాక్యులర్‌తో పొదల మొదళ్లను ఒక్కొక్కటిగా, తొందరపడకుండా పరిశీలించడమే సరైన పద్ధతి. ఒకటి కనిపిస్తే చుట్టూ మరికొన్ని ఉండవచ్చు. మనిషి దగ్గరైతే తీతువు అరుస్తూ పైకి లేస్తుంది. ఇది మాత్రం తరచుగా తల వంచి, చప్పుడు చేయకుండా పరుగెత్తి తప్పుకుంటుంది. ఎగిరినప్పుడు నల్లని రెక్కల మీద తెల్లని మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి.

నా దృష్టిలో కంటికన్నా చెవే నమ్మదగినది. చీకటి పడే వేళకు బీడు అంచున కూర్చుంటే ‘పిక్-పిక్-పిక్’ అంటూ మొదలై ‘పి-విక్, పి-విక్’ అని ముగిసే ఈల వినిపిస్తుంది. దానిని రప్పించడానికి రికార్డు చేసిన కూతలు వినిపించడం, టార్చి వెలుగు కళ్లలో కొట్టడం తగవు.

ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు మరింత జాగ్రత్త అవసరం. సాధారణంగా రెండేసి గుడ్లు వట్టి నేల మీదే ఉంటాయి, అవీ రాళ్లలాగే కనిపిస్తాయి. పక్షి దొంగచాటుగా తప్పుకుంటున్నట్లు అనిపిస్తే, అడుగు ఎక్కడ వేస్తున్నామో చూసుకుంటూ వచ్చిన దారినే వెనుదిరగాలి; తల్లిదండ్రుల నీడ తొలగితే మే నెల ఎండకు గుడ్లు పాడవుతాయి. నేలకు అతుక్కుని పడి ఉన్న పిల్లను దిక్కులేనిదనుకుని ఇంటికి తేకూడదు, అది ప్రమాదం పసిగట్టి అలా దాక్కుంటుంది.

చూసిన తేదీ, వేళ, పక్షుల సంఖ్య, నేల తీరు ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైట్‌లో నమోదు చేయవచ్చు గాని, గూడు ఉన్న చోటును మాత్రం బహిరంగంగా రాయకూడదు.