సొంత కొలతలతో సిటీ సైకిల్ కట్టించుకోవాలా? ఆర్డర్ ఇచ్చే ముందు తేల్చుకోవాల్సినవి

ఊళ్లో తిరగడానికి మంచి సైకిల్ కావాలని షాపుకెళ్తే ఎక్కువగా రెండు రకాలే చూపిస్తారు. ఒకటి లావు టైర్లు, ముందు సస్పెన్షన్, 21 గేర్లు అని స్టిక్కరు అంటించిన ఎంటీబీ, అంటే మౌంటెన్ బైకు. రెండోది సన్న టైర్లతో ముందుకు వంగి తొక్కాల్సిన హైబ్రిడ్. దేనికీ సరైన మడ్‌గార్డు ఉండదు, చైన్‌కవర్ ఉండదు, క్యారియర్ అంతకన్నా ఉండదు. ఆఫీసు ప్యాంటు వేసుకుని, వెనక లాప్‌టాప్ బ్యాగు పెట్టుకుని, ముసురు పట్టిన రోజు కూడా వెళ్లాలనుకునేవాళ్లకి ఇవి సగం సైకిళ్లే.

మన తాతలు తొక్కిన నల్ల సైకిల్‌కి ఇవన్నీ ఉండేవి. ఇంగ్లండ్ రోడ్‌స్టర్ నుంచి వచ్చిన డిజైన్ అది. నిటారుగా కూర్చోవచ్చు, చైను మూతలో ఉంటుంది, వెనక బియ్యం బస్తా వేసినా క్యారియర్ ఓర్చుకుంటుంది. దాని లోపాలూ మనకు తెలిసినవే. సైజుల్లో ఎంపిక పెద్దగా ఉండదు, బరువు 20 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, గేర్లు లేవు, వాన పడితే తడిసిన స్టీలు రిమ్ము మీద రాడ్ బ్రేకులు పట్టవు. నా లెక్కలో కస్టమ్ సిటీ సైకిల్ అంటే ఆ నల్ల సైకిల్ పనులన్నీ చేస్తూ, మీ ఒంటికి సరిపోయే సైజులో, గేర్లతో, మంచి బ్రేకులతో ఉండేది. అంతకుమించి విచిత్రాలు అక్కర్లేదు. ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఈ ఒక్క మాట గుర్తుంటే చాలావరకు తేలిపోతుంది.

1. ముందు వద్దనుకోవడానికి ప్రయత్నించండి

ఉన్న సైకిల్‌కే ఎత్తుగా ఉండే స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క), వెనక్కి వంగిన హ్యాండిల్, మడ్‌గార్డులు, క్యారియర్ బిగించి ఓ నెల ఆఫీసుకి తొక్కి చూడండి. సగం మందికి ఇక్కడితో పని అయిపోతుంది, పైగా డబ్బులు మిగులుతాయి. నెలయ్యాక కూడా మెడ లాగేస్తోందా, మలుపు తిప్పినప్పుడు కాలి బొటనవేలు ముందు చక్రానికి తగులుతోందా, ఏ సైజు ఫ్రేము తీసుకున్నా సిగ్నల్ దగ్గర కాలు నేలకి అందడం లేదా? అప్పుడు కట్టించుకోవడానికి కారణం ఉన్నట్టే.

నేను చూసినంతలో కస్టమ్ ఫ్రేము బాగా ఉపయోగపడేది ఐదడుగుల లోపువాళ్లకి, ఆరడుగులు బాగా దాటినవాళ్లకి, చీరలోనో పంచెలోనో తొక్కేవాళ్లకి, నడుం నొప్పి ఉన్నవాళ్లకి, రోజూ బరువు మోసేవాళ్లకి. చీర కట్టుకుని తొక్కాలంటే పైగొట్టం కిందికి దిగిన ఫ్రేము, చైను మొత్తం కప్పే కవరు, వెనక చక్రానికి పక్క జాలీ మూడూ కావాలి. ఇవన్నీ ఒకే సైకిల్‌కి ఉండి, మన సైజులో షాపులో దొరకడం కష్టమే.

అందంగా ఉంటుందని కట్టించుకోవడం కూడా కారణమే. కాకపోతే ఆ సంగతి మనసులో ఒప్పుకుని ఖర్చు పెట్టుకోవాలి, ఆరోగ్యం పేరు చెప్పి ఇంట్లోవాళ్లని ఒప్పించకూడదు.

2. మీ దారిని కాగితం మీద పెట్టండి

రోజూ వెళ్లే దారి ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ ఎత్తు ఎక్కాలి, ఎక్కడ రోడ్డు గుంతలు, ఎంత బరువు మోస్తారు, రాత్రి తొక్కుతారా, సైకిల్ ఎక్కడ పెడతారు. ఒక పేజీ చాలు. సైకిల్ కట్టేవాళ్లకి మీరు చెప్పే "కంఫర్ట్‌గా ఉండాలి" అన్న మాటకన్నా ఈ పేజీయే పనికొస్తుంది.

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. అలాంటి ట్రాక్ మీద ఏ సైకిలైనా హాయిగానే పోతుంది. మీ సైకిల్ అక్కడ ఎలా పోతుందన్నది లెక్క కాదు. పంజాగుట్ట వైపు నుంచి బంజారాహిల్స్ ఎక్కేటప్పుడు, వెనక బ్యాగుతో, ముందు ఆటో పొగలో ఎలా పోతుందన్నది లెక్క. విజయవాడ, కాకినాడ, భీమవరం లాంటి చదును ఊళ్లలో మూడు గేర్లు ఉంటే రాజాలా తిరగొచ్చు. విశాఖలో ఎత్తుపల్లాలతో పాటు ఉప్పుగాలి కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: అపార్ట్‌మెంట్ లిఫ్ట్ లోపలి కొలత. సిటీ సైకిల్ పొడవు సుమారు 180 సెంటీమీటర్లు. లిఫ్ట్‌లో వెనక చక్రం మీద నిలబెట్టి తీసుకెళ్లాలంటే వెనక మడ్‌గార్డు చివర నేలకి తగలకూడదు. ఆ ఒక్క ముక్క ముందే చెప్తే మడ్‌గార్డు పొట్టిగా చేస్తారు.

3. కొలతలు

చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడండి. కాస్త లావు పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, పుస్తకం వెన్ను గోడకి తగిలేలా, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఇంకొకరి చేత కొలిపించండి. ఇదే కాలి లోపలి కొలత. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు, ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఆ కొలతని 0.883తో గుణిస్తే, పెడల్ ఇరుసు (రెండు పెడళ్ల కాడలూ కలిసే చోట తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. 74 సెంటీమీటర్లు ఉంటే 65 చిల్లర. ఈ లెక్క రేసు సైకిళ్ల నుంచి వచ్చింది. ఊళ్లో మాటిమాటికీ ఆగుతాం కాబట్టి సీటు ఒకటి రెండు సెంటీమీటర్లు దించుకున్నా నష్టం లేదు.

చేతి పొడవు, మొండెం పొడవు, భుజాల వెడల్పు, బరువు కూడా ఇవ్వాలి. వీటన్నిటికన్నా విలువైన కొలత ఇంకోటి ఉంది: ఇప్పుడు తొక్కుతున్న సైకిల్‌లో సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా ఎంత దూరమో, హ్యాండిల్ సీటుకన్నా ఎంత పైన లేదా కింద ఉందో. దాని పక్కన "దూరం ఎక్కువైంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి" లాంటి మీ మాట రాయండి. కట్టేవాళ్లకి దిక్సూచి అదే.

4. పెయింట్ పడ్డాక మారనివి ముందు తేల్చండి

సీటు, హ్యాండిల్, పెడల్ రేపైనా మార్చుకోవచ్చు. ఫ్రేములో వెల్డింగ్‌తో స్థిరపడిపోయేవి మాత్రం ముందే తేలాలి. అసలు టెన్షన్ పడాల్సింది ఈ దశలోనే.

చక్రం సైజు: టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే మూడంకెల నంబరు చూడండి. పాత నల్ల సైకిల్ 28 ఇంచుల చక్రం 635. ఇప్పటి హైబ్రిడ్‌ల 700సీ చక్రం 622, దాని టైర్ల మీద కూడా ఒక్కోసారి 28 అనే రాసి ఉంటుంది. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. పాత 26 ఇంచుల ఎంటీబీ చక్రం 559. మామూలు ఎత్తు వాళ్లకి 622 బాగుంటుంది. ఐదడుగుల దగ్గర ఉన్నవాళ్లు 559కి వెళ్తే కాలివేలు చక్రానికి తగిలే బాధ పోతుంది.

టైరు వెడల్పు: మన గుంతలకి 40 నుంచి 50 మిల్లీమీటర్ల టైరు మంచి సస్పెన్షన్. దానిపైన మడ్‌గార్డు పట్టాలి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య బురద ఇరుక్కోకుండా వేలు దూరేంత ఖాళీ ఉండాలి. ఫ్రేము గీసేటప్పుడే ఈ ఖాళీ చెప్పకపోతే తర్వాత సన్న టైర్లతో సర్దుకుపోవాల్సిందే. ముందు సస్పెన్షన్ ఫోర్కు మాత్రం వద్దనండి. తక్కువ ధరలో దొరికేవి బరువు పెంచడం తప్ప పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు.

బ్రేకులు: డిస్క్ కావాలంటే ఫ్రేముకీ ఫోర్కుకీ దాని బిగింపులు ముందే వెల్డింగ్ చేయాలి. రిమ్ముని రెండు పక్కలా రబ్బర్లతో నొక్కే వీ-బ్రేకుకి అయితే రిమ్ము ఎత్తుకి తగ్గట్టు దిమ్మెలు వేయాలి. అల్యూమినియం రిమ్ము మీద వీ-బ్రేకు ఊళ్లో తిరగడానికి సరిపోతుంది, రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి. వానాకాలంలో బురద దారుల్లో తిరిగేవాళ్లు, బరువు మోసేవాళ్లు కేబులుతో పనిచేసే డిస్క్ పెట్టించుకోవచ్చు. ఆయిల్‌తో నడిచే డిస్క్ బాగా పట్టుకుంటుంది, కానీ మీ వీధి మెకానిక్ దాన్ని ముట్టుకోడు.

వెనక చీలిక ఫోర్కు: పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా 44 నుంచి 46 సెంటీమీటర్లు ఉండేలా అడగండి. ఇది తక్కువైతే తొక్కినప్పుడల్లా మడమ వెనక సంచికి కొట్టుకుంటుంది. మడ్‌గార్డు, క్యారియర్, స్టాండు, నీళ్ల సీసా, తాళం అన్నిటికీ కావలసిన బోల్టు రంధ్రాలు, పలకలు లెక్కపెట్టి రాయించండి. రాయనిది రాదు.

మిగతావన్నీ మామూలు సైజుల్లోనే ఉండనివ్వండి: 68 మిల్లీమీటర్ల మరలున్న బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు కూర్చునే చోటు), 27.2 మిల్లీమీటర్ల సీటు గొట్టం, అంగుళం మీద ఒక సూతు (1⅛ అంగుళాల) హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు. ఫ్రేము కొలత మీ సొంతం, స్పేరుపార్టులు మాత్రం అందరివీ. పదేళ్ల తర్వాత బేరింగు అరిగిపోతే ఆన్‌లైన్‌లో వెతుక్కునే ఖర్మ ఉండకూడదు.

5. గేర్లు: హబ్బు లోపల ఉంటే మంచిది

ఊళ్లో వాడకానికి నా ఓటు వెనక హబ్బు లోపల ఉండే గేర్లకే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడే గేరు మార్చుకోవచ్చు. చైను తిన్నగా ఒకే దారిలో తిరుగుతుంది కాబట్టి దాన్ని మొత్తం మూసేయొచ్చు, ప్యాంటు నల్లబడదు. పార్కింగ్‌లో పక్క బండి మీద పడినా వంగిపోయే డీరెయిలర్ (చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే మీట) ఉండదు.

స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1902 నుంచి ఈ హబ్బుల పనిలోనే ఉంది. దాని పాత మూడు గేర్ల హబ్బులో కింది గేరు నేరుగా తిరిగే మధ్య గేరుకన్నా 25 శాతం తేలిక, పై గేరు 33 శాతం బరువు. చదును ఊరికి ఇది చాలు. హైదరాబాద్, విశాఖ వాళ్లు షిమానో నెక్సస్ 8 చూడండి. ముందు 40 పళ్లు, వెనక 20 పళ్లు, 622 చక్రానికి లావు టైరు అనుకుంటే, మొదటి గేరులో పెడల్ ఒక చుట్టుకి సైకిల్ సుమారు 2.3 మీటర్లు, ఎనిమిదో గేరులో 7 మీటర్లు వెళ్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 8 కిలోమీటర్ల నుంచి 25 దాకా. 8 అంటే దిగి నడవకుండా చడావు ఎక్కే వేగం. ముందే ఈ లెక్క వేసి ఇమ్మని అడగండి. పళ్లు ఎక్కువ పెట్టి టాప్ స్పీడ్ చూపిస్తామంటే వద్దనండి.

ఇబ్బంది ఒకటుంది. వెనక చక్రం విప్పడం కాస్త పెద్ద పని, గేరు కేబులు ఊడదీయాలి. కానీ చక్రం విప్పకుండానే టైరు ఒక పక్క తీసి, ట్యూబు బయటికి లాగి పంక్చర్ వేయడం మన మెకానిక్‌లకి కొట్టిన పిండి. టైరు మార్చాల్సి వచ్చినప్పుడే విప్పాలి. హబ్ గేరు పెట్టిస్తే ఫ్రేము వెనక చైను బిగువు సరిచేసుకునేలా, ఇరుసు ముందుకీ వెనక్కీ జరిగే పొడవాటి గాడులు ఉండాలి. ఇదీ ముందే చెప్పాల్సినదే.

రాత్రి తొక్కేవాళ్లు ముందు చక్రానికి డైనమో హబ్బు అడగండి. టైరుకి రాసుకుని గుర్రుమనే పాత డైనమో కాదిది. హబ్బు లోపలే ఉండి 6 వోల్టుల మీద 3 వాట్లు ఇస్తుంది, ఎల్ఈడీ లైటుకి ధారాళంగా సరిపోతుంది. ఛార్జింగ్ మర్చిపోవడమనే సమస్యే లేదు.

6. కట్టేవాళ్లతో మాట, డబ్బు

ఫ్రేముకి క్రోమోలీ స్టీలు (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) అడగండి. వంగినా, పగిలినా స్టీలుని బాగుచేయవచ్చు, అల్యూమినియానికి ఆ వీలు తక్కువ. సముద్రం దగ్గర ఉండేవాళ్లు గొట్టాల లోపల తుప్పు పట్టకుండా పూత వేయమని, బాటమ్ బ్రాకెట్ కింద నీళ్లు కారే చిన్న చిల్లు పెట్టమని తప్పకుండా అడగాలి. పైన ఎంత మంచి పెయింట్ ఉన్నా ఫ్రేము తుప్పు లోపలి నుంచే తింటుంది.

అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఇంతకుముందు సిటీ సైకిళ్లు కట్టారా, ఒకటి తొక్కి చూడొచ్చా? ఫ్రేముకి రాతపూర్వక గ్యారంటీ ఎన్నేళ్లు? పెయింట్ వాళ్లే వేస్తారా, బయట వేయిస్తారా? ఆలస్యమైతే అడ్వాన్సు సంగతేంటి? మొదటి ప్రశ్నకి ఫోటోలు మాత్రమే చూపించి, తొక్కనివ్వని చోట నేనైతే అడ్వాన్సు ఇవ్వను.

ఫ్రేము, హబ్ గేరు, డైనమో అన్నీ కలిస్తే షాపు హైబ్రిడ్‌కి రెండు మూడు రెట్లు దాటడం మామూలే. విదేశీ బిల్డరు దగ్గర చేయించుకుంటే దిగుమతి సుంకం, రవాణా అదనం. సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది, కొటేషన్‌లో పాత లెక్క ఉంటే సరిచేయించండి. డబ్బు సరిపోకపోతే ఫ్రేములో, చక్రాల్లో కోత పెట్టకండి. సీటు, పెడల్, హ్యాండిల్ ఇప్పటికి మామూలువి పెట్టుకోవచ్చు.

గొట్టాలు కోయకముందే కొలతలతో డ్రాయింగ్ ఇవ్వాలి. దాని మీద టైరు వెడల్పు, మడ్‌గార్డు ఖాళీ, బోల్టు రంధ్రాలు, సీటు ఎత్తు మీ పేజీతో పోల్చి, సంతకం పెట్టి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

7. తీసుకునే రోజు

ఒక దారం తీసుకెళ్లండి. వెనక ఇరుసు బిగించే చోట ఒక పక్క కట్టి, ముందు హ్యాండిల్ కాడ దూరే ఫ్రేము గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండో పక్కకి లాగి కట్టండి. సీటు కింది నిలువు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీని రెండు పక్కలా స్కేలుతో కొలవండి. రెండూ సమానంగా రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు, అంతకన్నా ఎక్కువైతే వెనక భాగం ఒక పక్కకి వంగినట్టు. చక్రాలు బిగించకముందు, ఉత్త ఫ్రేము ఉన్నప్పుడే ఈ పని చేస్తే ఇంకా సులువు.

తర్వాత చక్రం తిప్పి రిమ్ము బెండు చూడండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి కాలివేలు తగులుతుందేమో చూడండి. సంచి నింపి క్యారియర్ మీద పెట్టి తొక్కండి. బాటమ్ బ్రాకెట్ కింద ఫ్రేము నంబరు కొట్టారో లేదో చూసి ఫోటో తీసుకోండి, సైకిల్ పోతే పోలీసు ఫిర్యాదులో రాయాల్సింది అదే. మొదటి నెల తిరిగాక చువ్వలు సర్దుకుని కొద్దిగా వదులవుతాయి, కేబుళ్లు సాగుతాయి. ఆ మొదటి సర్వీసు ధరలోనే కలిసి ఉందని బిల్లు మీద రాయించుకుని ఇంటికి తొక్కుకుంటూ వెళ్లండి.