బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతే

విమానం దించే ముందు, రన్‌వేకి సమాంతరంగా ఎగిరే డౌన్‌విండ్‌లో ఉండగానే రెండు బ్రేక్ పెడల్స్‌నీ ఒకసారి నొక్కి చూడండి. ఆ అలవాటే ఒకరోజు నన్ను కాపాడింది. కుడి పెడల్ గట్టిగా ఆగింది. ఎడమది మాత్రం స్పాంజిని నొక్కినట్టు చివరిదాకా దిగిపోయింది. నేను నడుపుతున్నది సెస్నా 172 అనే చిన్న విమానం. అందులో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ వేర్వేరు మాస్టర్ సిలిండర్లు (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రం వైపు నెట్టేవి). ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది కానీ, విమానాన్ని తనవైపుకే లాగేస్తుంది.

ముందు ఆ పెడల్‌ని నాలుగైదు సార్లు గబగబా పంప్ చేయండి. కొంత పట్టు తిరిగి వచ్చినా దాన్ని నమ్ముకోకండి. టవర్‌కి (విమానాశ్రయ కంట్రోల్‌కి) వెంటనే చెప్పండి, ఇందులో మొహమాటం వద్దు. ఇంధనం ఉందంటే తొందర లేదు. ఎదురుగాలి ఉన్న పొడవైన రన్‌వే దగ్గర్లో ఇంకోచోట ఉంటే అక్కడికే వెళ్ళండి.

172ఎస్ మాన్యువల్‌లో షార్ట్ ఫీల్డ్‌లో, అంటే పొట్టి రన్‌వే మీద దిగేటప్పుడు, అప్రోచ్ స్పీడ్ 61 నాట్లు, దిగాక నేల మీద పరుగు 575 అడుగులు అని ఉంటుంది. అది బ్రేకులు గట్టిగా తొక్కితే వచ్చే లెక్క. ఈ రోజుకి ఆ అంకెను పక్కన పెట్టేయండి. స్పీడ్ మాత్రం కచ్చితంగా పట్టుకోండి: 10 శాతం ఎక్కువైతే ఆపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది.

ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక అంచున ఉండే పలకల్ని పూర్తిగా కిందికి దించి) రన్‌వే మొదట్లోనే దిగండి. ఎడమ బ్రేక్ పోతే ఎడమ అంచుకి దగ్గరగా దిగాలి, కుడికి లాగినా చోటు మిగులుతుంది. ఫలానా గుర్తు దాటేలోపు చక్రాలు తాకకపోతే గో అరౌండ్ (దిగడం మానేసి మళ్ళీ పైకి లేవడం) అని ముందే అనుకోండి. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగివచ్చే చివరి భాగంలో, మడమలు నేలకి ఆనించండి, కాలివేళ్ళు పెడల్ పైభాగాన్ని తాకకూడదు; బ్రేక్ పడేది అక్కడ నొక్కితేనే.

చక్రాలు తాకాక థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, యోక్ (చేతిలోని కంట్రోల్) వెనక్కి పట్టుకుని ముక్కు వీలైనంతసేపు పైనే ఉంచండి. మామూలుగా షార్ట్ ఫీల్డ్‌లో బరువు చక్రాల మీద పడాలని ఫ్లాప్స్ ఎత్తేస్తాం. ఇప్పుడు ఎత్తకండి, గాలికి అడ్డుపడేవి అవే. దిశ రడ్డర్‌తో (తోక మీది నిలువు పలకతో) చూసుకోండి. బాగున్న బ్రేక్‌ని స్పీడ్ బాగా తగ్గాకే, మెల్లగా వాడండి. అయినా రన్‌వే చివర దగ్గరపడుతుంటే మిక్స్‌చర్ నాబ్ లాగేసి ఇంధనం ఆపి, ఇంజన్ ఆపేయండి. థ్రాటిల్ పూర్తిగా తగ్గించిన ఐడిల్‌లో కూడా ప్రొపెల్లర్ ముందుకు లాగుతూనే ఉంటుంది.

ఆగాక టాక్సీ చేయాలని (నేలమీద నడిపించుకెళ్ళాలని) చూడకండి. నేను రన్‌వే మీదే ఇంజన్ ఆపేసి, విమానాన్ని లాగించమని టవర్‌ని అడిగాను. దిగి వంగి చూస్తే ఎడమ టైరు లోపలివైపు ఎర్రటి ఆయిల్, వేలితో తాకితే జిడ్డు. అప్పటినుంచి ప్రీఫ్లైట్‌లో టార్చ్ పట్టుకుని రెండు చక్రాల వెనకా చూస్తున్నాను. రిపేరు చేసేటప్పుడు కారు బ్రేక్ ఆయిల్ మాత్రం పోయనివ్వకండి. ఈ విమానాల్లో వాడేది ఎర్రటి మినరల్ ఆయిల్, కారు ఆయిల్ తగిలితే లోపలి సీల్స్ పాడైపోతాయి.