నారుకుళ్లు నుంచి కాక్టస్ మొలకలను కాపాడుకున్న తీరు

నిరుడు ఆగస్టులో హైదరాబాదులోని మా బాల్కనీలో విత్తిన 20 ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ (ఒక రకం కాక్టస్) గింజల్లో 14 వారం తిరగకుండానే మొలిచాయి గాని, మరో పది రోజులకు ఒక్కటీ మిగలలేదు. ఆవగింజంత పచ్చని బంతి మొదలు దగ్గర నీరుకారి, మరునాటికి పక్కకు ఒరిగి, ఆపై తెల్లని బూజు కింద కనుమరుగయ్యేది. గింజలు అమ్మినవారిని అనుమానించాను, అది అన్యాయం. ఇది మిరప, టమాటా నారుమళ్లలో మన రైతులెరిగిన నారుకుళ్లే. పశువుల ఎరువు కలిపిన మట్టి, పైనుంచి పోసిన నీళ్లు, వానాకాలపు తేమ దానికి తోడయ్యాయి.

ఫిబ్రవరిలో మళ్లీ విత్తేందుకు, జల్లించిన ముతక ఇసుక రెండు పాళ్లు, ఇటుక నలుసు రెండు పాళ్లు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, ప్రెషర్ కుక్కరులో అరగంట ఆవిరి పట్టించి, పూర్తిగా చల్లారాకే కుండీలో నింపాను. వెలుతురు తగలాలి కాబట్టి గింజలను పూడ్చకుండా పైపైనే పరచి, మరిగించి చల్లార్చిన నీటిలో కుండీని నిలిపి అడుగునుంచి తడిపి, మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో పెట్టి, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన ఉంచాను. ఎడారి మొక్కే అయినా పసిమొలకకు తేమ కావాలి. పుట్టినచోట, అంటే టెక్సాస్, ఈశాన్య మెక్సికోలలో, అది పొదల నీడనే మొలుస్తుంది. నెల తరువాత మూతను రోజుకు కొంచెం కొంచెంగా తెరుస్తూ వచ్చాను.

ఇప్పుడు 16 మొలకలు శనగగింజంత అయి, ఒంటిపై తెల్లని చుక్కలు తేలుతున్నాయి. అవి ఒకదానినొకటి తాకేదాకా కుండీ మార్చను.