పిల్లవాడి గురి తప్పుతోందా? ముందు తుపాకీని కొలవండి

అమెరికాలో, ముఖ్యంగా తూర్పు టెక్సస్ అడవుల వంటి చోట్ల, పిల్లలు వేట మొదలుపెట్టేది సాధారణంగా ఉడుతలతో, కుందేళ్లతో. రాముడికి వారధి కట్టడంలో సాయపడిన ఉడుత కథ విని పెరిగిన మన ఇళ్లలో ఈ మాట కొందరికి మింగుడుపడదు. అయినా ఇరుగుపొరుగు కుటుంబాలతో కలిసి వేటకు వెళ్లే తెలుగు పిల్లలకు, వారి వెంట ఉండే తల్లిదండ్రులకు గురి కుదరకపోవడం వంటి చిక్కులు ఎదురవుతూనే ఉంటాయి. ఇక్కడ చెప్పేదంతా చట్టం అనుమతించే చోట, పెద్దవారు చేతికందే దూరంలో ఉండి చేయించే వేట గురించే. పిల్లవాడి చేతకానితనమని మనం అనుకునేది చాలాసార్లు తుపాకీ కొలతలో ఉన్న తప్పు అని నా అభిప్రాయం.

పిల్లవాడు తల పక్కకు వంచి, నడుము వెనక్కి వాల్చి, తుపాకీ మడమను భుజానికి కాక చేతి కండ మీద ఆనించి గురి చూస్తున్నాడు

మడమ అంటే తుపాకీలో భుజానికి ఆనే వెనుక భాగం. కారణం దాని పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి మడమ చివరి వరకు ఉండే దూరం. పెద్దల తుపాకులలో ఇది సుమారు పదమూడున్నర, పద్నాలుగు అంగుళాలు ఉంటుంది. ఎనిమిది, పదేళ్ల పిల్లల చేతికి అది అందదు కనుక, ట్రిగ్గర్ అందుకోవడానికి శరీరమంతా మెలిక తిరుగుతుంది. పిల్లల కోసమే తయారైన .22 లాంగ్ రైఫిల్ (సన్నటి చిన్న తూటా రకం) తుపాకులలో సావేజ్ రాస్కల్‌కు పదకొండుంపావు అంగుళాల, క్రికెట్, హెన్రీ మినీ బోల్ట్‌లకు పదకొండున్నర అంగుళాల మడమ ఉంటుంది. ఈ మూడూ ఒక్కసారికి ఒకే తూటా పట్టేవి. మొదటి తుపాకీకి అది లోపం కాదు, పెద్ద సుగుణం, ఎందుకంటే ప్రతి తూటాకూ పిల్లవాడు ఆగి, ఆలోచించి, మళ్లీ నింపుకోవలసి వస్తుంది. పిల్లవాడు ఎదుగుతాడన్న లెక్కతో పెద్ద చొక్కా కొన్నట్టు పెద్ద తుపాకీ కొనకూడదు. మడమ వెనుక పలకలు చేర్చి పొడవు పెంచుకునే వీలున్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

స్కోపులో (గురిని దగ్గరగా చూపే దుర్భిణిలో) నల్లటి అర్ధచంద్రం కనిపిస్తోందని పిల్లవాడు చెబితే అది కూడా దాదాపు ఇదే జబ్బు. చెంప మడమకు ఆనితే కన్ను స్కోపుకు దిగువన ఉండిపోతోందన్నమాట. స్కోపును పట్టి ఉంచే రింగులను తక్కువ ఎత్తువాటికి మార్చడమో, చెంప ఆనే చోట మెత్త కట్టడమో చేయాలి. అసలు స్కోపు లేకుండా మామూలు గురిముక్కుతో (గొట్టం మీది గురి గుర్తుతో) మొదలుపెట్టడం ఇంకా మంచిది.

గొట్టం చివర నిలకడగా ఉండడం లేదు

తుపాకీ బరువును, ముందువైపు వాలే తత్వాన్ని అనుమానించాలి. ఖాళీ తుపాకీని పిల్లవాడు భుజానికి ఎత్తి, సురక్షితమైన దిశలో నిమిషంపాటు వణుకు లేకుండా పట్టుకోగలడేమో దుకాణంలోనే చూడాలి. రాస్కల్ మూడు పౌండ్లలోపే తూగుతుంది. తుపాకీని ఊతకర్ర మీదనో, మోకాలి మీదనో ఆనించి కాల్చడం నేర్పితే మిగిలిన వణుకు కూడా తగ్గుతుంది.

ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుని భుజం ముందుకు తోస్తున్నాడు

ఈ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించడానికి నెలలు పడుతుంది కనుక దీని మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. నిర్ధారించుకోవడానికి, పిల్లవాడికి తెలియకుండా మీరే అప్పుడప్పుడు ఒక డమ్మీ తూటా నింపి ఇవ్వండి. పేలనప్పుడు కూడా గొట్టం ఒక్కసారిగా కిందికి దిగితే పిల్లవాడు భయపడుతున్నట్టే.

ఆ భయానికి మూలాలు రెండు. మొదటిది తన్ను, అంటే పేలినప్పుడు తుపాకీ భుజాన్ని వెనక్కి నెట్టడం. ఒకే తూటాను తేలికైన తుపాకీలో కాల్చితే అది ఎక్కువ తంతుంది. అందుకే ఐదు పౌండ్ల ఒంటి గొట్టపు 20 గేజ్ షాట్‌గన్, పిల్లల తుపాకీ అన్న పేరుతో అమ్ముడైనా, చిన్న భుజానికి కఠినమైనదే. షాట్‌గన్ అంటే ఒకేసారి చాలా చిన్న రవ్వలను వెదజల్లే తుపాకీ; గేజ్ దాని గొట్టం వెడల్పు కొలత, సంఖ్య తగ్గేకొద్దీ గొట్టం వెడల్పు. మడమ పొట్టిది కావడం వేరు, తన్ను తక్కువ కావడం వేరు. ఈ తేడా దుకాణంలో ఎవరూ విడమరిచి చెప్పరు. వాయు పీడనంతో తనంతట తాను తూటా మార్చుకునే 20 గేజ్ తుపాకులు తన్నును కొంత మింగుతాయి, కానీ అవి ఖరీదైనవి, బరువైనవి. వాటిలో కూడా మొదట్లో ఒక్క తూటానే నింపాలి.

రెండో మూలం శబ్దం, దీన్ని చాలామంది పట్టించుకోరు. షాట్‌గన్ మోత 150 డెసిబెళ్లు దాటుతుంది, .22 మోత కూడా తీసిపారేయదగింది కాదు. చెవిలో దూది కాక, చెవి బిరడాలు పెట్టి వాటి మీద ఇయర్‌మఫ్ కూడా వేస్తే, భుజం నొప్పి వల్లనేనని మనం అనుకున్న బెదురు సగం తగ్గడం కళ్లారా చూడవచ్చు. పిల్లవాడిని తిరిగి .22కు దించి, కొన్ని వారాలు కాగితపు గురిమీద కాల్పించండి. బెదిరినవాణ్ని 'ఇంకొక్కటి కాల్చు' అని బలవంతపెట్టకండి.

ఉడుతకు దెబ్బ తగిలింది, కానీ అది చావక పారిపోయింది

20 గేజ్ కన్నా సన్నటి గొట్టమున్న .410 షాట్‌గన్ తన్ను తక్కువని దాన్ని పిల్లల చేతికి ఇస్తారు, కానీ అది నిజానికి అనుభవజ్ఞుల తుపాకీ. రెండున్నర అంగుళాల .410 తూటాలో అర ఔన్సు రవ్వలు, అంటే ఆరో నంబరు పరిమాణపు రవ్వలైతే నూట పది పైచిలుకు ఉంటాయి. 20 గేజ్‌లో సాధారణంగా వాడే, ఔన్సులో ఎనిమిదింట ఏడు వంతుల రవ్వలున్న తూటాలో దాదాపు 195 ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ ఆ కొద్ది రవ్వల మధ్య ఖాళీలు పెరిగి, జంతువు గాయపడి బాధపడుతుంది. పెద్ద కాగితం మీద 15, 20, 25 గజాల నుంచి కాల్చి, ఉడుత ఒడ్డూపొడవున్న చోట ఎన్ని రవ్వలు పడుతున్నాయో లెక్కపెట్టండి. ఆ లెక్క పలచబడిన దూరమే మీ పిల్లవాడి హద్దు.

.22తో అయితే చిక్కు వేరు. దాని తూటా మైలుకు పైగా పోగలదు కనుక, ఆకాశం వైపు ఉన్న కొమ్మ మీది ఉడుతను కాల్చకూడదు, వెనుక లావాటి మాను ఉంటేనే ట్రిగ్గర్ ముట్టాలి. ఈ నిగ్రహం ఇంకా రాని పిల్లవాడికి రైఫిల్ తొందర.

సుత్తిని వెనక్కి లాగలేకపోతున్నాడు, లేదా మెల్లగా దించలేకపోతున్నాడు

సుత్తి అంటే ట్రిగ్గర్ నొక్కగానే ముందుకు పడి తూటాను పేల్చే భాగం. దాన్ని లాగడానికి బొటనవేలి బలం చాలడం లేదు. వేలు జారితే తుపాకీ పేలుతుంది. అభ్యాసంతో సర్దుకుంటుందని చూడకుండా, సుత్తి బయటికి లేని తుపాకీకి మారండి.

నిశ్చలంగా పట్టుకున్నా తూటాలు ఎప్పుడూ ఒకే పక్కకు పోతున్నాయి

గురిముక్కు సరిగా ఉందని తేల్చుకున్నాక కంటిని పరీక్షించండి. రెండు అరచేతులతో చిన్న త్రికోణం చేసి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి రెండు కళ్లతో చూడమనండి. ఒక్కో కన్ను మూసినప్పుడు ఏ కంటికి గడియారం త్రికోణంలోనే నిలుస్తుందో అది ప్రధాన కన్ను. కుడిచేతివాటం పిల్లవాడికి ఎడమ కన్ను ప్రధానమైతే ఎడమ భుజానికి మార్చడమే శాశ్వత మార్గం. నడుమ మడిచి తెరిచే తుపాకులు రెండు భుజాలకూ ఒకేలా పనికొస్తాయి.

టక్కుమంది, పేలలేదు

గొట్టాన్ని సురక్షిత దిశలోనే ఉంచి కనీసం అర నిమిషం ఆగిన తరువాతే తెరవాలి. మోత బలహీనంగా వచ్చి ఉంటే, లోపల ఏదో ఇరుక్కుందేమో చూడనిదే రెండోది కాల్చకూడదు. తండ్రి 12 గేజ్, పిల్లవాడి 20 గేజ్ ఒకే సంచిలో ఉంటే మరో అపాయం ఉంది. పసుపురంగులో ఉండే 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలో జారి ఇరుక్కుపోతుంది, దాని వెనుక మరొకటి పెట్టి కాల్చితే గొట్టమే బద్దలవుతుంది. రెండింటికీ వేర్వేరు సంచులు పెట్టుకోండి.

తుపాకీ నచ్చింది, దుకాణంలో అమ్మలేదు

లైసెన్సు ఉన్న దుకాణదారు 18 ఏళ్లలోపు వారికి రైఫిల్ గానీ షాట్‌గన్ గానీ అమ్మడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం కుదరదు, తల్లిదండ్రులే కొనాలి. అయితే ఎచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండరాదన్నది సాధారణ నియమం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి అందులో మినహాయింపు ఉంది, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ అడ్డంకి లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ పూర్తిచేయాలి, ధ్రువపత్రానికి కనీస వయసు 9 ఏళ్లు. సెలవులకు వచ్చినప్పుడు ఆ నేర్పు మన ఊళ్లో చూపిద్దామనుకునే పిల్లలకు మాత్రం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద భారతదేశంలో కుందేలును వేటాడడం నేరమని ముందే చెప్పి ఉంచండి. కొన్న తుపాకీని ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో, తూటాలను వేరే తాళం కింద ఉంచి, ఆ రెండు తాళంచెవులూ పిల్లవాడికి తెలియని చోట పెట్టండి.