కాలు కుదుటపడేలోపు దారి పక్కన నిలబడండి

మారథాన్‌కి తొమ్మిది వారాల ముందు నా ఎడమకాలి షిన్ బోన్‌లో (మోకాలి కింద ముందువైపు ఎముక) స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే భారం పడటంవల్ల వచ్చే సన్నని చీలిక, అని తేలింది. అంతకుముందు మూడు వారాలుగా ఆరో కిలోమీటర్ దాటగానే, చీలమండకి బెత్తెడు పైన, లోపలివైపు, బొటనవేలి గోరంత చోట నొప్పి మొదలయ్యేది. షిన్ స్ప్లింట్స్ (పరుగువల్ల ఆ ఎముక పొడవునా వచ్చే మామూలు నొప్పి) అయ్యుంటుందిలే అని ఐస్ పెట్టుకుని పరుగెత్తుతూనే ఉన్నాను. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. తర్వాత తీసిన ఎంఆర్ఐలో దొరికింది. ఏడు వారాలు పరుగు బంద్. నాతోపాటు అదే రేసుకి తయారవుతున్న నా స్నేహితురాలు మాత్రం ఆ రోజు పరుగెత్తింది. నేను 33వ కిలోమీటర్ దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచాను.

గాయం నుంచి తిరిగి రావడం, స్నేహితుల్ని ఉత్సాహపరచడం వేరువేరు పనులని అప్పుడు అనుకున్నాను. కాదు. ఒకటి సరిగ్గా చెయ్యకపోతే రెండోది కూడా చెడుతుంది. నాకు చెడింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

మొదట నొప్పి సంగతి. షిన్ స్ప్లింట్స్ అయితే ఎముక పొడవునా జానెడు మేర సలుపుతుంది, ఒళ్లు వేడెక్కాక కాస్త తగ్గుతుంది. ఎముకలో చీలిక అయితే వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడే" అని చూపించగలం, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంది. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే. అందుకని ఎక్స్‌రే బాగుందని పరుగెత్తకండి. ఇక నొప్పి గజ్జల్లోనో, పాదం పైభాగం మధ్యలోనో ఉంటే ఇంట్లో ఏ పరీక్షా పెట్టుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తుంటి దగ్గరి తొడ ఎముకలోనూ, పాదం మధ్య ఎముకలోనూ వచ్చే చీలికలు అంత సులువుగా మానవు.

ఆడవాళ్లకి ఇంకో మాట. గాయానికి ముందు మూడు నెలల్లో నా నెలసరి రెండుసార్లు తప్పింది. రేసు టెన్షన్ అనుకున్నాను. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న అదే. చేసే వ్యాయామానికి సరిపడా తినకపోతే శరీరం ఎముకకీ, హార్మోన్లకీ ఖర్చు తగ్గించేస్తుంది. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మగవాళ్లకీ వస్తుంది, కాకపోతే గుర్తుపట్టడానికి వాళ్లకి నెలసరి లాంటి సూచన ఉండదు. తిండి సరిచేసుకోకుండా కాలికి ఎంత విశ్రాంతి ఇచ్చినా అది సగం వైద్యమే.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

క్యాలెండర్ చూసి మొదలుపెట్టకూడదు. డాక్టరో ఫిజియోనో సరే అన్నాక నా ఫిజియో నాకు నాలుగు షరతులు పెట్టారు. నొప్పి ఉన్నచోట వేలితో గట్టిగా నొక్కితే ఏమీ అనిపించకూడదు. 45 నిమిషాలు వేగంగా నడిచినా ఆ రోజూ, మర్నాడు పొద్దున్నా కాలు మాట్లాడకూడదు. ఒంటికాలి మీద నిలబడి మడమ 25 సార్లు పైకెత్తి దించగలగాలి, రెండు కాళ్లకీ. చివరగా ఒంటికాలి మీద పది గెంతులు, నొప్పి లేకుండా. మడమ ఎత్తడంలో నా ఎడమకాలు 14 దగ్గర ఆగిపోయింది, కుడికాలు 27 వరకు వెళ్లింది. పరుగులో పిక్క లోపలి సోలియస్ కండరం మీద శరీర బరువుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు భారం పడుతుందట. ఆ కండరం బలహీనంగా ఉంటే మిగతా భారం ఎముకే మొయ్యాలి. ఆ 14ని 25 చెయ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది. తొందరపడి వదిలేద్దామని రెండుసార్లు అనిపించింది. వదలకపోవడమే మంచిదైంది.

ఆ ఏడు వారాలూ ఊపిరి తగ్గిపోకుండా సైకిల్ తొక్కాను, బెల్టు కట్టుకుని లోతు నీళ్లలో పరుగెత్తాను. నీళ్లలో కాలు నేలకి తగలదు కాబట్టి ఎముకకి దెబ్బ ఉండదు. దూరం లెక్క పెట్టకండి, నిమిషాలు లెక్క పెట్టండి. మామూలుగా 50 నిమిషాలు పరుగెత్తే రోజయితే నీళ్లలోనూ 50 నిమిషాలే. విసుగే, కానీ ఫలితం ఉంటుంది.

అయితే ఇందులోనే ఒక ప్రమాదం ఉంది. ఊపిరి, గుండె త్వరగా తిరిగొస్తాయి. ఎముక అలా రాదు. శరీరం దెబ్బతిన్న ఎముకని ముందు తవ్వి తీసేస్తుంది, ఆ తర్వాతే కొత్త ఎముక పోస్తుంది. తవ్వడానికీ పొయ్యడానికీ మధ్య కొన్ని వారాలు ఆ చోటు మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. మొత్తం పని పూర్తవడానికి నెలలు పడుతుంది. అంటే "నాకు అసలు ఆయాసమే రావట్లేదు, ఇంకా పరుగెత్తగలను" అనిపించే రోజే కాలు అందుకు సిద్ధంగా లేని రోజు. ఇది ముందే తెలిసుంటే నాకు కొన్ని వారాలు మిగిలేవి.

మెట్లు

ప్రతి మెట్టూ 30 నిమిషాలే. మొదటి మెట్టు: 1 నిమిషం పరుగు, 4 నిమిషాల నడక, ఇలా ఆరుసార్లు. తర్వాత 2కి 3, ఆపైన 3కి 2, ఆపైన 4కి 1, చివరికి 30 నిమిషాలూ పరుగు. ఒక్కో మెట్టు మీద మూడు పరుగులు, రోజు విడిచి రోజు. మూడూ నొప్పి లేకుండా గడిస్తేనే పై మెట్టు. లెక్క వేస్తే ఐదు మెట్లు, పదిహేను పరుగులు, అంటే నెల రోజులు. ఆ నెలలో వేగం ఊసే ఎత్తకండి. ముందు నిమిషాలు పెంచాలి, తర్వాత ఎత్తుపల్లాలు, అన్నిటికంటే చివర వేగం. రెండు ఒకేసారి పెంచితే, నొప్పి వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఎంత నొప్పి వరకు ఫర్వాలేదన్నది గాయాన్ని బట్టి ఉంటుంది. ఎముక అయితే సున్నా. కొంచెమైనా తెలిస్తే అక్కడే ఆగి నడిచి ఇంటికి రావడమే. అకిలీస్ (మడమ వెనక ఉండేది) లాంటి స్నాయువు అయితే 10కి 3 వరకు నొప్పి ఉన్నా, మర్నాడు పొద్దున్న మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో ఎప్పటికంటే ఎక్కువ లేకపోతే కొనసాగించవచ్చు. రెండు కాళ్లకీ ఒకేలా ఉండి, రెండు రోజుల్లో పోయే ఒళ్లునొప్పుల గురించి బెంగ అక్కర్లేదు.

ఇంకొకటి నాకు బాగా పనికొచ్చింది. నిమిషానికి నా అడుగులు 158 ఉండేవి. వేగం పెంచకుండా 166కి తెచ్చాను, అంటే ఐదు శాతం ఎక్కువ. అడుగు చిన్నదై పాదం ఒంటి కిందకే పడుతుంది, మోకాలి మీదా తుంటి మీదా భారం తగ్గుతుంది. మొదటి వారం పరుగు నాది కానట్టు అనిపించింది. తర్వాత అలవాటైపోయింది.

రేసు రోజు

స్నేహితురాలి రేసు నాటికి నేను మూడో మెట్టు మీద ఉన్నాను. వారం ముందు తనే ఫోన్ చేసింది. "ఏమే, నువ్వు రాకపోయినా నేనేమీ అనుకోను. చూస్తూ నిలబడటం నీకు కష్టంగా ఉంటే వద్దు" అంది. కష్టంగానే ఉంది. ఆ నంబరు బిబ్ (ఛాతీ మీద తగిలించుకునే రేసు నంబరు) నాక్కూడా వచ్చి ఉండాల్సింది కదా అని రాత్రిళ్లు అనిపించేది. మీకూ అలా అనిపిస్తే దాచుకోకండి, ఆ స్నేహితులతోనే చెప్పండి. నేను చెప్పాను, తను విన్నది. ఆ తర్వాతే నాకు వెళ్లాలనిపించింది.

వెళ్లేముందు తనని ఒక మాట అడిగాను: "ఎలా అరవమంటావ్?" అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. కొందరికి పేరు వినపడితే బలం, కొందరికి చప్పట్లు చాలు, కొందరు ఎవరూ పలకరించకపోతేనే బాగా పరుగెత్తుతారు. తను చెప్పింది: "ఇంకా ఎంత దూరం ఉందో చెప్పకు. అలిసిపోతే నా చేతులు బిగుసుకుపోతాయి, అది గుర్తుచెయ్."

ఎక్కడ నిలబడాలి? ఫినిష్ లైన్ దగ్గర వద్దు. అక్కడ ఎలాగూ జనం ఉంటారు, పరుగెత్తేవాళ్లకి ఎవరూ కనపడరు. 42.195 కిలోమీటర్లలో మనిషి అవసరమయ్యేది 30కీ 38కీ మధ్య. ఒళ్లో ఇంధనం అయిపోయి, జనం పలచబడి, ముగింపు ఇంకా కంటికి ఆనని చోటు. అక్కడ నిలబడితే ఒక్క మనిషైనా లెక్కలోకి వస్తుంది.

టైము ముందే లెక్కకట్టుకోండి. తన ప్లాన్ కిలోమీటరుకి 6 నిమిషాలు. 33 కిలోమీటర్లకి 198 నిమిషాలు, అంటే 3 గంటల 18 నిమిషాలు. వెనక వరుసల్లో ఉన్నవాళ్లు స్టార్ట్ లైన్ దాటడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, దానికి 9 కలిపాను. రేసు 5 గంటలకి మొదలైతే 8:27. నేను 8:10కే వెళ్లి నిలబడ్డాను. ట్రాకింగ్ యాప్‌ని పూర్తిగా నమ్మకండి. దారిలో పరిచిన టైమింగ్ మ్యాట్ దాటినప్పుడే అసలు టైము తెలుస్తుంది, మధ్యలో చూపించేదంతా అంచనా. యాప్‌లో ఇంకా అర కిలోమీటరు వెనక ఉన్న మనిషి మీ ముందునుంచే వెళ్లిపోవచ్చు. ఏ పక్కన నిలబడతారో, ఏం పట్టుకుంటారో ముందే చెప్పాలి. ఎడమపక్క, పసుపు గుడ్డ కట్టిన కర్ర అని నేను చెప్పాను. వందలమందిలో మీరు వాళ్లని వెతకడం కంటే, వాళ్లే మిమ్మల్ని చూడటం సులువు.

తను 8:34కి వచ్చింది. ఏడు నిమిషాలు ఆలస్యమయ్యేసరికి నా గుండె దడదడలాడుతోంది. దూరం నుంచే నడక పోల్చుకున్నాను. కణతల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, పిడికిళ్లు రెండూ బిగిసి ఉన్నాయి. పేరు పెట్టి పిలిచి "చేతులు!" అని అరిచాను. నవ్వలేదు, నా వైపు చూసిందో లేదో కూడా తెలియదు. కానీ వేళ్లు ఒక్కొక్కటే విడివడ్డాయి, ముందు కుడిచేతివి, తర్వాత ఎడమచేతివి. భుజాలు దిగాయి. నన్ను దాటి మలుపు తిరిగేదాకా ఆ చేతుల్నే చూస్తూ ఉన్నాను.

"ఇంకెంతో లేదు" అని మాత్రం అనకండి. 33 దగ్గర ఇంకా 9 కిలోమీటర్లు ఉంది, అది వాళ్లకి తెలుసు. "అలిసిపోయినట్టున్నావే" అని కూడా వద్దు. కంగారు ముఖం పెట్టకండి, నవ్వు ముఖంతో ఉండండి. సైకిల్ తొక్కేవాళ్లకి కంటికి అందనంత క్షణకాలం నవ్వు ముఖాలు చూపిస్తే, విచారంగా ఉన్న ముఖాలు చూపించినప్పటికంటే ఎక్కువసేపు తొక్కారని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. బోస్టన్ మారథాన్‌లో సగం దూరం దగ్గర వెల్స్‌లీ కాలేజీ అమ్మాయిలు బారులు తీరి అరిచే చోటుకి స్క్రీమ్ టనెల్ అనే పేరే స్థిరపడిపోయింది. మీ మనిషి వెళ్లిపోయాక కూడా ఉండండి. బిబ్ మీద పేరు చదివి, ముక్కూమొహం తెలియనివాళ్లని పిలవండి. ఆఖర్న వచ్చేవాళ్లకి అది మరీ అవసరం, అప్పటికి అందరూ ఇళ్లకి వెళ్లిపోయి ఉంటారు. పక్కన పరుగెత్తకండి, రేసులో లేనివాళ్లు తోడు పరుగెత్తడం నియమాలకి విరుద్ధం. మీ కాలికీ మంచిది కాదు.

మర్నాడు

నేను తప్పు చేసింది ఇక్కడే. ఆ సాయంత్రం నా వాచీలో 21,000 అడుగులు ఉన్నాయి. మామూలు రోజుల్లో 7,000 దాటవు. ముందు 12వ కిలోమీటర్ దగ్గర తనని చూసి అక్కడినుంచి 33కి వెళ్లడం, ఐదు గంటలు నిలబడటం, గెంతడం, ఇదంతా మానుతున్న ఎముక మీద భారమే. పరుగు కాదు కాబట్టి నేను లెక్కలో వెయ్యలేదు. పైగా మనసు నిండా రేసే. మర్నాడు పొద్దున్న 3కి 2 మెట్టు పక్కన పెట్టి ఏకబిగిన 7 కిలోమీటర్లు పరుగెత్తాను. ఆయాసం లేదు, హాయిగా ఉంది. మూడో రోజు అదే గోరంత చోట మళ్లీ సలుపు. రెండు వారాలు ఆగి, మళ్లీ మొదటి మెట్టు దగ్గర్నించి.

కాబట్టి రేసు చూడటానికి వెళ్లే రోజుని పరుగు రోజుగా లెక్క వెయ్యండి. ఆ రోజు వేరే పరుగు వద్దు, మర్నాడు విశ్రాంతి. ఆ తర్వాతి పరుగు ఎన్ని నిమిషాలో ఇంట్లోంచి బయలుదేరేముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, ఉత్సాహంలో ఉన్నప్పుడు నిర్ణయించుకోకండి. నిలబడటానికి ఒకటే చోటు ఎంచుకోండి, మడత కుర్చీ తీసుకెళ్లండి, బూట్లు పరుగుకి వాడేవే వేసుకోండి.

తిరిగి వచ్చాక మొదటి రేసు చిన్నది పెట్టుకోవాలి, టైము టార్గెట్ లేకుండా. నేను 30 నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలిగిన పది వారాలకి ఒక 10కె కి, అంటే 10 కిలోమీటర్ల రేసుకి, పేరిచ్చాను. ఈసారి తనే అడిగింది, "ఎలా అరవమంటావ్?" అని. "నెమ్మది" అని అరవమన్నాను. ఏడో కిలోమీటర్ దగ్గర ఎడమపక్క పసుపు గుడ్డ కనపడింది. అప్పటికి ముందున్నవాళ్లని దాటేస్తూ వస్తున్నాను. "నెమ్మది!" అని అరిచింది. నెమ్మదించాను.